మందారమా, నూరువరహాలా? ముందు మీ ఇంటి నీళ్ల సంగతి చూడండి

నర్సరీకి వెళ్లి "ఏడాదంతా ఎర్రగా పూసే పొద ఏదైనా ఇవ్వండి" అంటే హైదరాబాద్‌లో ఎక్కువగా చూపించేవి రెండే. ఒకటి మందారం, రెండోది నూరువరహాలు. రెండూ ఎండను కోరుకునేవే. రెండూ నాటితే ఏళ్ల తరబడి నిలిచేవే. పసిపిల్లలు ఆకు తెంపి నోట్లో పెట్టుకున్నా గన్నేరులా ప్రాణం మీదికి తెచ్చే రకాలు కావు. నల్ల కవర్లలో పక్కపక్కన పెట్టి ఉంటే ఏది తెచ్చుకున్నా ఒకటేలే అనిపిస్తుంది. ఏడాది తిరిగేసరికి మాత్రం ఒకరి వాకిట్లో గుత్తులు గుత్తులుగా పూలుంటాయి, అదే వీధిలో ఇంకొకరి వాకిట్లో అదే మొక్క పసుపు తిరిగి చిక్కిపోయి ఉంటుంది. కొందరి చెయ్యి మంచిది, ఏది నాటినా బతుకుతుంది అంటారు. ఈ రెండు మొక్కల విషయంలో చెయ్యి కంటే నీళ్లదే పెద్ద పాత్ర. అందుకే ఈ పోలికలో నీళ్ల గురించే ఎక్కువ రాస్తున్నాను.

ముందుగా నా అభిప్రాయం చెప్పేస్తాను. బోరు నీళ్ల మీదే ఆధారపడ్డ ఇల్లయితే మందారం పెట్టుకోండి. నల్లా నీళ్లు గానీ వాన నీళ్లు గానీ మొక్కలకు ఇవ్వగలిగితే, వారానికి ఒకసారి మాత్రమే తోట వైపు చూసే తీరిక ఉంటే, నూరువరహాలు మంచిది. ఎందుకో కింద వివరంగా చెబుతాను. ఈ మాటకు ఒకటి రెండు మినహాయింపులు కూడా ఉన్నాయి.

పూలు కోసుకోవడానికా, చూసుకోవడానికా?

మందారం పువ్వు ఒక్కరోజు పువ్వు. పొద్దున విచ్చుకుంటుంది, సాయంత్రానికి ముడుచుకుంటుంది, మర్నాడు రాలిపోతుంది. కాబట్టి కోసినందువల్ల చెట్టుకు పోయేదేమీ లేదు. ఇంకో సౌకర్యం కూడా ఉంది. కోసిన మందారాన్ని నీళ్లలో పెట్టకపోయినా సాయంత్రం దాకా విచ్చుకునే ఉంటుంది. పటం మీద పెట్టి మరిచిపోయినా ఆ పూటకు వాడిపోదు. పొద్దున్నే ఆఫీసుకు పరుగెత్తే ఇళ్లలో ముందురోజు సాయంత్రం ముదిరిన మొగ్గలు కోసి డబ్బాలో వేసి ఫ్రిజ్‌లో పెట్టి, తెల్లవారాక పూజకు తీస్తారు. బయటికి తీశాక అవి చక్కగా విచ్చుకుంటాయి. అమ్మవారికి, వినాయకుడికి రోజూ ఎర్రపువ్వు పెట్టే అలవాటున్న ఇంట్లో రెండు మందారం మొక్కలు బాగా ఎదిగితే పూలు కొనే పని దాదాపు ఉండదు.

నూరువరహాలు తీరు వేరు. చిన్న చిన్న నాలుగు రెక్కల పూలు పదుల సంఖ్యలో కలిసి ఒక గుత్తి అవుతాయి. అన్నీ ఒక్కసారి విచ్చుకోవు, కొన్ని రాలుతుంటే కొన్ని తెరుచుకుంటూ ఉంటాయి. అలా ఒక్కో గుత్తి వారాల తరబడి కొమ్మ మీద రంగు చెడకుండా నిలుస్తుంది. కోసి పూజకు వాడుకోవచ్చు, దండలో కట్టుకోవచ్చు. కానీ గుత్తి కోసిన కొమ్మకు మళ్లీ చిగురు వచ్చి, ఆ చిగురు కొసన మళ్లీ మొగ్గ రావాలి. అందుకు సమయం పడుతుంది. రోజూ కోసే ఇంట్లో నూరువరహాలు ఎప్పుడూ పచ్చగా మాత్రమే కనిపిస్తుంది. గేటు తీయగానే కంటికి రంగు కనబడాలి, పూలు చెట్టు మీదే ఉండాలి అనుకునేవారికి దీనికి సాటి వచ్చే పొద ఈ ఊళ్లో నాకు తెలిసి లేదు.

ప్రహరీ బయట, వీధి వైపు నాటాలనుకుంటే ఒక సంగతి గుర్తుంచుకోండి. మందారం పూలు తెల్లవారుజామున నడకకు వచ్చేవాళ్ల సంచుల్లోకి వెళ్లిపోతాయి. ఊరి అంచుల్లో, కోతులు తిరిగే కాలనీల్లో మొగ్గలు, చిగుళ్లు కూడా దక్కవు. మేకలు వచ్చే వీధి అయితే ఆకులూ మిగలవు. మందారం ప్రహరీ లోపల ఉంటేనే మేలు.

పక్షులు, సీతాకోకచిలుకల కోసం నాటేవారికి రెండూ పనికొస్తాయి. మందారం మీదికి తేనెపిట్టలు వస్తాయి. నూరువరహాలు పువ్వుకు సన్నని పొడవాటి గొట్టం ఉంటుంది కదా, దాని అడుగున ఉన్న తేనె పొడవాటి నాలుక ఉన్న సీతాకోకచిలుకలకే బాగా అందుతుంది. వానాకాలంలో పెద్ద నల్ల రెక్కల సీతాకోకచిలుకలు గుత్తి మీద రెక్కలు ఆడిస్తూనే తేనె తాగడం చూస్తే పిల్లలు అక్కడి నుంచి కదలరు.

బోరు నీళ్లు, నల్లా నీళ్లు

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. నూరువరహాలు దక్షిణ భారతదేశానికి, శ్రీలంకకు చెందిన మొక్క. బాగా వానలు పడి, కాస్త పులుపు గుణం ఉన్న నేలల్లో పెరగడం దానికి అలవాటు. కేరళలో, కోస్తాలో ఇళ్ల ముందు ఇది ఎవరూ పట్టించుకోకపోయినా ఎర్రగా మండిపోతూ పూయడానికి కారణం అదే. హైదరాబాద్ పరిస్థితి వేరు. ఇక్కడ ఏడాదికి దాదాపు 800 మిల్లీమీటర్ల వాన పడుతుంది, అందులోనూ ఎక్కువ భాగం జూన్ నుంచి సెప్టెంబర్ లోపే. మిగతా కాలమంతా మొక్క తాగేది మనం పోసే నీళ్లే. రాతి నేలలో లోతుకు వేసిన బోరు నుంచి వచ్చే నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం, బైకార్బొనేట్లు ఎక్కువగా ఉంటాయి. అలాంటి నీళ్లు నెలల తరబడి పోస్తే మట్టి క్షార గుణంలోకి మారుతుంది. మట్టి క్షారమైతే అందులో ఇనుము ఉన్నా సరే, వేరు తీసుకోగలిగే రూపంలో ఉండదు.

ఇనుము లోపం కనిపించేది ముందుగా లేత ఆకుల్లో. ఆకు పసుపు రంగుకు తిరుగుతుంది, ఈనెలు మాత్రం పచ్చగా గీసినట్టు కనబడతాయి. ముదిరితే కొత్త ఆకులు దాదాపు తెల్లగా వస్తాయి, అంచులు మాడతాయి, గుత్తులు చిన్నవైపోతాయి. చాలామంది దీన్ని చూసి ఎరువు చాలలేదనుకుని, భాస్వరం ఎక్కువగా ఉండే డీఏపీ ఎరువు వేస్తారు. అది ఇంకా చేటు చేస్తుంది, ఎందుకంటే భాస్వరం ఎక్కువైతే ఇనుము మరింత అందకుండా పోతుంది. కింది ముదురు ఆకులు ముందు పసుపు తిరిగి, పైన చిగురు పచ్చగా ఉంటే అది నత్రజని కొరత. అప్పుడు వర్మికంపోస్టు వేస్తే సరిపోతుంది. పసుపు పైనుంచి మొదలైందా, కిందనుంచి మొదలైందా అన్నది చూడకుండా ఏ మందూ వేయకండి.

మీ నీళ్లు ఎలాంటివో తెలుసుకోవడానికి పరీక్షలకు పోనక్కర్లేదు. ఆ నీళ్లతో కందిపప్పు మెత్తగా ఉడకడం లేదా? బకెట్ల లోపల, కుండీల అంచున తెల్లటి పొర కడుతోందా? సబ్బు నురగ రావడం కష్టంగా ఉందా? ఈ మూడింటిలో రెండింటికి అవుననే జవాబు వస్తే మీవి ఉప్పు నీళ్లు. ఆ ఇంట్లో నూరువరహాలు పెట్టి, ఆ నీళ్లే పోస్తూ పోతే రెండో వేసవి నాటికి పసుపు తిరగడం దాదాపు ఖాయం.

ఇంకో మాట. ఆర్వో ఫిల్టర్ నుంచి బయటికి పోయే నీళ్లను వృథా చేయకూడదని బకెట్లో పట్టి మొక్కలకు పోసేవారు మన ఊళ్లో చాలామంది. ఉద్దేశం మంచిదే. కానీ ఫిల్టర్ తీసేసిన ఉప్పంతా చేరేది ఆ నీళ్లలోకే. వాటిని నేల తుడవడానికో, బాత్రూం కడగడానికో వాడండి, నూరువరహాలుకు మాత్రం వద్దు. ఏసీ గొట్టం నుంచి కారే నీళ్లు సరిగ్గా దీనికి వ్యతిరేకం. అవి గాలిలోని తేమ చల్లబడి కారినవి కాబట్టి వాటిలో ఉప్పు దాదాపు ఉండదు. ఏప్రిల్, మే నెలల్లో రోజూ ఒక బకెట్ దాకా పట్టుకోగలిగిన ఇళ్లున్నాయి. బోరు నీళ్ల ఇంట్లో నూరువరహాలు పెంచి తీరాలి అనుకునేవారికి నేను చెప్పగలిగిన మినహాయింపు ఇదే. ఒకటి రెండు కుండీలకే పరిమితం అవండి, వేసవిలో ఏసీ నీళ్లు, వానాకాలంలో డాబా మీద పట్టిన వాన నీళ్లు వాటికే కేటాయించండి.

పసుపు తిరిగిన మొక్కను తిరిగి దారిలో పెట్టవచ్చు. ఎరువుల దుకాణంలో అన్నభేది (ఇనుము ఉండే ఫెర్రస్ సల్ఫేట్) అని అడగండి. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి సాయంత్రం ఆకుల మీద పిచికారీ చేయండి. కలిపిన వెంటనే వాడేయాలి, నిలవ ఉంచితే పనిచేయదు. వారం పది రోజుల తేడాతో రెండు మూడుసార్లు చేస్తే కొత్త ఆకులు పచ్చగా రావడం మొదలవుతుంది. గోడ మీద, గ్రానైట్ మీద పడితే తుప్పు మరక పడుతుంది, జాగ్రత్త. నీళ్లు మార్చకుండా ఈ మందు ఒక్కటే కొడుతూ ఉంటే మాత్రం కొన్ని నెలలకు మళ్లీ మొదటికొస్తుంది.

మందారం కూడా ఉప్పు నీళ్లను ఇష్టపడి తాగేదేమీ కాదు. దానికీ ఆకులు పసుపు తిరుగుతాయి. అయితే అది త్వరగా పెరిగే మొక్క, ఆకులు రాల్చి కొత్తవి తెచ్చుకుంటుంది, ఏటా రెండు తట్టల పశువుల ఎరువు వేసి నెలకోసారి నిండా నీళ్లు పెట్టి ఉప్పును కిందికి కడిగేస్తే నెట్టుకొస్తుంది. బోరు నీళ్ల మీదే పదేళ్లకు పైగా పూస్తున్న నాటు రెక్క మందారాలు పాత కాలనీల్లో ఎన్నో కనిపిస్తాయి. నూరువరహాలు విషయంలో ఆ మాట అంత ధైర్యంగా చెప్పలేం.

కొత్తగా కట్టిన ఇళ్లలో నీళ్లతో పాటు మట్టి కూడా చూసుకోవాలి. ప్రహరీ వెంబడి తోటకని వదిలిన రెండడుగుల జాగాలో పైన కనిపించేది ఎర్రమట్టే. గడ్డపార దించితే సిమెంటు పెచ్చులు, సున్నం ముక్కలు, టైల్స్ విరుగుళ్లు బయటపడతాయి. సిమెంటు, సున్నం రెండూ క్షారాన్ని పెంచేవే. నల్లా నీళ్లు పోసినా అక్కడ నూరువరహాలు నలుగుతుంది. నాటే ముందు అడుగున్నర లోతు తవ్వి ఆ చెత్తంతా ఏరేసి, కొత్త ఎర్రమట్టి, బాగా మాగిన పశువుల ఎరువు, కాస్త కోకోపీట్ కలిపి నింపాలి. అంత పని చేయలేం అనుకుంటే ఆ జాగాలో మందారం పెట్టి, నూరువరహాలును కుండీలో పెంచుకోవడమే తెలివైన పని.

పిండినల్లి

మందారం వైపు ఇంతసేపు మాట్లాడాను కాబట్టి దాని బాధ కూడా దాచకుండా చెప్పాలి. మందారం పెంచడమంటే పిండినల్లితో కలిసి బతకడమే. చిగుళ్ల మధ్య, మొగ్గల కింద తెల్లటి దూదిలా అంటుకుని రసం పీలుస్తుంది. దాంతో చిగుళ్లు ముడుచుకుపోయి గుత్తుగా మారతాయి, మొగ్గలు విచ్చుకోకుండానే రాలిపోతాయి. అది విసర్జించే తీపి జిగురు కోసం చీమలు వస్తాయి, వచ్చి పిండినల్లిని తినే అక్షింతల పురుగుల్ని తరిమేస్తాయి. అందువల్ల కాండం మీద బారులు తీరిన చీమలు కనిపించిన రోజే కొమ్మలు తిప్పి చూడాలి. చలికాలం చివరి నుంచి వేసవి దాకా దీని ఉద్ధృతి ఎక్కువ. గట్టి వాన పడితే చాలావరకు కొట్టుకుపోతుంది.

మొదట్లోనే చూస్తే మందులతో పని లేదు. పైపుతో గట్టిగా నీళ్లు కొట్టి కడిగేయడం, ముడుచుకున్న చిగుళ్లను కత్తిరించి కవర్లో కట్టి పారేయడం సరిపోతుంది. అప్పటికీ తగ్గకపోతే లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, అది నీటిలో కలిసేందుకు రెండు మూడు చుక్కల గిన్నెల సబ్బు ద్రవం కలిపి, ఎండ తగ్గాక ఆకుల అడుగున కూడా తడిసేలా కొట్టండి. వారానికోసారి చొప్పున మూడు వారాలు చేయాలి. ఒక్కసారి కొట్టి పోలేదని మానేస్తే గుడ్లలోంచి వచ్చిన పిల్లలు మళ్లీ నింపేస్తాయి.

మొక్క లోపలికంతా పాకే రసాయన మందులు దుకాణాల్లో సులువుగా దొరుకుతాయి. మందారానికి అవి వాడొద్దని గట్టిగా చెబుతాను. మన ఇళ్లలో మందారం ఆకు కుంకుడుకాయ రసంలో నలిపి తలకు పెట్టుకుంటాం, పువ్వును కొబ్బరినూనెలో కాచుకుంటాం, ఎండబెట్టి టీ చేసుకునేవాళ్లూ ఉన్నారు. పిల్లల తల మీదికి వెళ్లే ఆకులో మందు ఉండకూడదు. తేనెటీగలు, తేనెపిట్టలు కూడా ఆ పువ్వులోకే వస్తాయి.

నూరువరహాలుకు ఈ గోల చాలా తక్కువ. అప్పుడప్పుడు కాండానికి పొలుసు పురుగు అంటుకుంటుంది, దాని జిగురు మీద ఆకులు మసి పూసినట్టు నల్లబడతాయి. సబ్బు నీళ్లతో తుడిస్తే పోతుంది. పొద్దున్నే పది నిమిషాలు మొక్కల మధ్య తిరిగే తీరిక లేని ఇల్లయితే, నీళ్లు మంచివైతే, మందారం జోలికి పోకండి. పట్టించుకోని మందారం పక్కనున్న టమాటా, వంగ మొక్కలకు కూడా పిండినల్లిని అంటిస్తుంది. మిద్దెతోట చేసేవారు దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు.

స్థలం, ఎండ, కత్తిరింపు

మందారానికి వెడల్పు కావాలి. నేలలో నాటు మందారం ఏడెనిమిది అడుగుల పైకి పోతుంది, చుట్టూ నాలుగైదడుగులు ఆక్రమిస్తుంది. కుండీలో అయితే కనీసం 14 అంగుళాలది తీసుకోండి. నూరువరహాలులో పెద్ద రకం నడుము దాటి మనిషి ఎత్తుకు వస్తుంది. పొట్టి రకం, నర్సరీ వాళ్లు మినీ అనేది, రెండు మూడడుగుల్లోనే ఆగుతుంది, 10 లేదా 12 అంగుళాల కుండీలో హాయిగా ఉంటుంది. నడకదారి పక్కన వరుసగా వేయడానికి అడుగు నుంచి అడుగున్నర దూరంలో పొట్టి రకమే సరైనది. అపార్ట్‌మెంట్ బాల్కనీకి కూడా మందారం కంటే ఇదే నయం. ఏదైనా సరే ఐదారు గంటల నేరు ఎండ తగలాలి. ఉత్తరం వైపు బాల్కనీలో రెండూ ఆకులకే పరిమితమవుతాయి.

కత్తిరింపులో ఒక తేడా ఉంది. మందారం కొత్త కొమ్మకు పూస్తుంది కాబట్టి తొలివానలకు మూడో వంతు కత్తిరిస్తే దసరా నాటికి నిండుగా పూస్తుంది. నూరువరహాలుకు మొగ్గ వచ్చేది కొమ్మ కొసన. పదిహేను రోజులకోసారి తోటమాలి పెద్ద కత్తెరతో పైపైన సమంగా గీసుకుంటూ పోతే మొగ్గలన్నీ కిందే పడతాయి, పచ్చటి గోడ తప్ప పువ్వు ఉండదు. కాలనీ పార్కుల్లో తరచూ జరిగేది ఇదే. వాడిన గుత్తిని దాని కింది రెండాకులతో సహా తుంచేస్తే చాలు. ఏప్రిల్, మే నెలల్లో రెండింటినీ ముట్టుకోకండి.

కొనేటప్పుడు, నాటేటప్పుడు

మందారంలో నాటు రకాన్నే ఎంచుకోండి. ఒంటి రెక్కల ఎర్ర మందారం, ముద్ద మందారం రెండూ గట్టివి. అరచేతి కంటే పెద్దగా, రెండు మూడు రంగులు కలిసి మెరిసే హైబ్రిడ్ రకాలు నర్సరీ మేళాల్లో కళ్లను లాగేస్తాయి గానీ, అవి ఎక్కువగా అంటు మొక్కలు. మన మే నెల ఎండకు మొగ్గలు రాలుస్తాయి, కుండీలో కాస్త నీళ్లు నిలిచినా వేరు కుళ్లుతుంది. మొదటి మొక్కగా అవి వద్దు. నాటు మందారానికి అసలు కొనే పనే లేదు. జులైలో ముసురు పట్టినప్పుడు తెలిసినవాళ్ల చెట్టు నుంచి పెన్సిల్ మందం కొమ్మ జానెడు తెచ్చి, ఆకులు చాలావరకు తీసేసి, నీడలో తడి మట్టిలో గుచ్చితే నెల, నెలన్నరలో వేరు పోసుకుంటుంది. నూరువరహాలు కొమ్మతో అంత తేలిగ్గా రాదు. ఆలస్యంగా వేళ్లూనుకుంటుంది, సగం పోతాయి కూడా. దాన్ని కొనుక్కోవడమే మంచిది.

కొనేటప్పుడు పూలు నిండుగా ఉన్న మొక్క కంటే లేత ఆకులు పచ్చగా ఉన్న మొక్కను చూడండి. అక్కడే ఈనెలు తేలి పసుపుగా ఉంటే ఇంటికి వచ్చాక దానంతటదే బాగుపడదు. హైదరాబాద్‌లో అమ్మే మొక్కల్లో చాలావరకు తూర్పు గోదావరిలోని కడియం నుంచి వచ్చేవే. అక్కడి బంకమట్టి ముద్ద వేళ్ల చుట్టూ గట్టిగా పట్టి ఉంటుంది. ఆ ముద్దను అలాగే మన వదులు ఎర్రమట్టిలో పెడితే పోసిన నీళ్లన్నీ దాని పక్కనుంచి జారిపోతాయి, లోపలి వేళ్లు ఎండుతూనే ఉంటాయి. పైన తడి కనిపిస్తున్నా మొక్క వడలిపోవడానికి ఇది తరచూ కారణం. మొక్క తెచ్చాక వారం రోజులు నీడలో ఉంచి, నాటే రోజు కవర్ చింపి ముద్దను బకెట్ నీళ్లలో అరగంట నానబెట్టండి. బయటి పొర మట్టిని వేళ్లు తెగకుండా మెల్లగా విడదీసి, అప్పుడు నాటండి. రోహిణి కార్తె ఎండలు పోయి, మృగశిర వచ్చి ఒకటి రెండు మంచి వానలు పడ్డాక నాటితే మొక్కకు నాలుగు నెలల వాన నీళ్లు దక్కుతాయి. నూరువరహాలుకు ఆ నాలుగు నెలలు ఎంతో ముఖ్యం.

రెండూ కావాలి, జాగా ఉంది అంటే, పొద్దుటి ఎండ తగిలే గోడ వారగా మందారాన్ని వెనక నాటి, మూడడుగులు వదిలి ముందు పొట్టి నూరువరహాలు వరుస వేయండి. మందారానికి బోరు పైపు, ముందు వరుసకు వాన నీళ్ల డ్రమ్ము. పిండినల్లి కనిపించినప్పుడు పైపుతో కడగడానికి ఆ మూడడుగుల ఖాళీ అవసరం, దాన్ని ఇంకేదో మొక్కతో నింపకండి.